గల్ఫ్‌లో ఉన్న భర్త కోసం ఎదురుచూసే ఇల్లాలికి: బెంగను అనుమానం కానివ్వకుండా కాపురం నిలుపుకొనే పద్ధతి

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కామారెడ్డి, నిర్మల్ పల్లెల్లోనూ, అటు కోనసీమలోనూ, రాయచోటి, రాజంపేట వైపునా భర్త దుబాయిలోనో సౌదీలోనో కువైట్‌లోనో ఉండగా ఇల్లు నడుపుకొనే ఆడవాళ్లు వాడకు నలుగురైనా ఉంటారు. నేను వారిలో ఒకదాన్ని. మా ఆయన మొదటిసారి విమానం ఎక్కిన రోజున మా పెద్దమ్మాయికి పదకొండు నెలలు. ఇప్పుడు ఆమె పదో తరగతి చదువుతున్నది. ఇన్నేళ్లలో ఆయన సెలవు మీద వచ్చి ఇంట్లో ఉన్న రోజులన్నీ కూడితే పదహారు నెలలు దాటవు. పెళ్లయిన ఏడాదికే భర్తను పంపి, కళ్ల నిండా నీళ్లతో "ఎట్లున్నవక్కా ఇన్నేండ్లు?" అని అడిగే చెల్లెళ్లకు వాకిట్లో నిలబడి చెప్పే జవాబు చాలదు కాబట్టి, నేను చేసి చూసినవీ, చేయకూడదని దెబ్బతిని తెలుసుకున్నవీ ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మన పాత అలంకారశాస్త్రం భర్త దూరదేశం వెళ్లిన స్త్రీకి ప్రోషితభర్తృక అని పేరు పెట్టి, అష్టవిధ నాయికలలో ఒకరిగా లెక్కించింది. మన ఆడవాళ్ల పాటల్లోనైతే లక్ష్మణుడు అడవికి వెళ్లిన పద్నాలుగేళ్లూ ఊర్మిళ నిద్రలోనే ఉండిపోతుంది. మనకు ఆ నిద్ర దొరకదు. తెల్లవారితే పాలు పిండాలి, పిల్లలకు బడి డబ్బా కట్టాలి, అత్తమ్మకు బీపీ గోళీ ఇవ్వాలి, చాటలో తునికాకు ముందేసుకొని బీడీలు చుట్టాలి. బెంగ ఈ పనులన్నింటి వెంట నడుస్తూనే ఉంటుంది. అది బెంగగా ఉన్నంతకాలం కాపురానికి ఏ చేటూ చేయదు. దాన్ని బెంగగా చెప్పుకోలేక లోపల దాచుకున్నప్పుడే అది డబ్బు తగాదాగానో, అత్తమ్మ మీద ఫిర్యాదుగానో, "ఎవలతోని మాట్లాడుతున్నవ్" అనే అనుమానంగానో బయటికి వస్తుంది. కింద చెప్పే పద్ధతులన్నీ ఆ మార్పు జరగకుండా చూసుకోవడానికే.

వెళ్లకముందు

బ్యాగు సర్దే హడావిడిలో కాగితాల సంగతి ఎవరికీ గుర్తుండదు. ఆయన పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీలు, వీసా, కంపెనీతో చేసుకున్న ఒప్పందం, బీమా పత్రం, ఏజెంటుకు డబ్బు కట్టిన రసీదు, వీటన్నింటి జిరాక్సులు ఒక సంచిలో వేసి బీరువాలో పెట్టుకోండి. పదో తరగతి పాసు కాని వాళ్లకు సాధారణంగా ఈసీఆర్ పాస్‌పోర్టు, అంటే పనికి విదేశం వెళ్లే ముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవలసిన పాస్‌పోర్టు ఉంటుంది. ఆ పాస్‌పోర్టుతో గల్ఫ్‌కు పనికి వెళ్లేవారు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరిగా తీసుకోవాలి. ప్రమాదంలో ప్రాణం పోయినా, శాశ్వత అంగవైకల్యం కలిగినా 10 లక్షల రూపాయలు ఇచ్చే బీమా అది. నామినీగా ఎవరి పేరు రాశారో అడిగి తెలుసుకోవడం అపశకునం కాదు. ఆయన అక్కడికి చేరాక చేతికి వచ్చే గుర్తింపు కార్డు ఫొటో కూడా తెప్పించుకోండి. సౌదీలో దాన్ని ఇఖామా అంటారు, కువైట్‌లో సివిల్ ఐడీ అంటారు. ఒకే గదిలో ఉండే ఇద్దరి ఫోన్ నంబర్లు, క్యాంపు ఉన్న ప్రాంతం పేరు ఒక నోటుబుక్కులో పెన్నుతో రాసుకోండి, ఎందుకంటే ఫోన్ నీళ్లలో పడితే అందులోని నంబర్లూ పోతాయి.

ఎడబాటు గురించి రాస్తూ కాగితాల గురించి చెబుతున్నదేమిటని అనుకోకండి. అర్ధరాత్రి కరెంటు పోయి, ఫోన్ కలవక, గుండె దడదడ కొట్టుకునే వేళ "ఆయన ఎక్కడున్నాడో నాకు తెలుసు, ఎవరిని అడగాలో నాకు తెలుసు" అనే ధైర్యం ఆ సంచిలోనుంచే వస్తుంది.

డబ్బు మాట కూడా అప్పుడే తేల్చుకోవాలి. వీసా కోసం తెచ్చిన అప్పుకు నెలకు ఎంత, అత్తమామలకు ఎంత, ఇంటి ఖర్చుకు ఎంత అనేది అత్తమ్మ, మామయ్య ఎదురుగానే ఆయన నోటితో చెప్పించండి. ఆ మాట ముందే తేలకపోతే, నెల నెలా ఫోన్‌లో మీరు డబ్బు గురించి అడుగుతారు, ఆయన లెక్క చెబుతాడు, ఇద్దరూ మాట్లాడుకోవలసిన పావుగంట అలాగే గడిచిపోతుంది.

మాట్లాడే వేళ

దుబాయి, మస్కట్ గడియారాలు మనకంటే గంటన్నర వెనుక నడుస్తాయి. సౌదీ, కువైట్, ఖతర్, బహ్రెయిన్ రెండున్నర గంటలు వెనుక. మనకు రాత్రి తొమ్మిదైతే దుబాయిలో ఏడున్నర, రియాద్‌లో ఆరున్నర. తొమ్మిదింటికి పిల్లలు తిని, మీకు తీరిక దొరుకుతుంది. అక్కడ ఆయన అప్పుడే బస్సు దిగి, స్నానానికి వరుసలో నిలబడి ఉంటాడు, లేదా పొయ్యి దగ్గర తన వంతు కోసం చూస్తుంటాడు. ఆ వేళ ఫోన్ చేసి, ఆయన "మళ్ల చేస్త" అన్నందుకు నేను మొదటి ఏడాది ఎన్నో రాత్రులు ఏడ్చాను. తర్వాత కూర్చుని ఆయన రోజంతా గంట గంటకూ ఏం జరుగుతుందో చెప్పించుకొని, నోటుబుక్కులో ఒక పక్క ఆయన వేళలు, మరో పక్క నా వేళలు రాసుకున్నాను. ఇద్దరికీ కలిసే వేళ మనకు రాత్రి పదిన్నర అని తేలింది. ఆనాటి నుంచి మా గొడవలు సగం తగ్గాయి. మీరూ ఇలా రాసి చూసుకోండి. రంజాన్ నెలలో పని వేళలు మారతాయి, కాబట్టి ఆ నెలకు వేరుగా రాసుకోవాలి. దుబాయి ఉన్న ఎమిరేట్స్ దేశంలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు ఆరుబయట పని మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి దాకా ఆపాలనే నియమం ఉంది. ఆ వేళ ఆయన ఖాళీగా ఉంటాడు కదా అని ఫోన్ చేయాలనిపిస్తుంది, కాని ఆ ఎండలో పనిచేసిన మనిషికి ఆ రెండున్నర గంటల నిద్ర చాలా అవసరం.

కొత్తవారు తప్పక తెలుసుకోవలసిన మరో సంగతి ఉంది. ఎమిరేట్స్‌లో వాట్సాప్‌లో రాసిన మాట, పంపిన గొంతు, ఫొటో వెళ్తాయి గాని కాల్ కలవదు. అక్కడ అనుమతి ఉన్న బోటిమ్ వంటి యాప్‌లోనే మాట్లాడుకోవాలి. ఈ విషయం తెలియక, పదిసార్లు కాల్ చేసినా ఆయన ఎత్తడం లేదని పుట్టింటికి వెళ్లి కూర్చున్న అమ్మాయి మా వాడలోనే ఉంది.

ఏం మాట్లాడాలి, ఎలా మాట్లాడాలి

క్యాంపు గదిలో ఆరుగురో ఎనిమిదిమందో ఉంటారు. ఒకరి మీద ఒకరుగా మంచాలు, మంచానికి ఒక పాత చీరో దుప్పటో తెరగా కట్టి ఉంటుంది. పక్కవాడి దగ్గు కూడా వినబడే ఆ చోట, భార్యతో మెత్తగా ఒక్క మాట మాట్లాడాలంటే మగవాడికి సిగ్గు అడ్డొస్తుంది. అందుకే "మంచిగున్నవా, తిన్నవా, పిల్లలు మంచిగున్నరా, సరే" అని నాలుగు మాటలతో ముగిస్తాడు. ఆ పొడి మాటలను చూసి ప్రేమ తగ్గిందని అనుకోవద్దు. వారానికి ఒక్కసారైనా ఆయన మేడ మీదికో, క్యాంపు గేటు బయటికో వెళ్లి మాట్లాడే రోజు ఒకటి పెట్టుకోండి. మిగతా రోజుల్లో పొడి మాటలే చాలని ఇద్దరూ ఒప్పుకోండి.

కాల్ కంటే నాకు ఎక్కువ అక్కరకు వచ్చినది గొంతు రికార్డు చేసి పంపడం. వెనుకటి రోజుల్లో క్యాసెట్‌లో మాటలు నింపి, ఊరినుంచి వెళ్లేవారి చేతికి ఇచ్చి పంపేవారు. ఆ క్యాసెట్ అరిగిపోయేదాకా మనిషి వినేవాడు. ఇప్పుడు అదే పని ఫోన్‌లో రెండు నిమిషాల్లో అవుతుంది. తెల్లవారుజామున పనికి వెళ్లే బస్సులో చెవిలో పెట్టుకొని ఆయన వినగలడు, పక్కన ఎంతమంది ఉన్నా సిగ్గుపడవలసిన పని లేదు, వెంటనే జవాబు చెప్పవలసిన బరువూ ఉండదు.

అయితే ఆ రెండు నిమిషాల్లో "నువ్వు లేక బతుకలేకపోతున్న" అని ఏడిస్తే, ఆయన ఆ రోజంతా ఎత్తైన కట్టడం మీద ఆ ఏడుపును మోస్తూ పనిచేయవలసి వస్తుంది. అలాగని ఏమీ లేనట్టు నటించడమూ సరికాదు. నా అనుభవంలో బెంగను చెప్పడానికి మంచి దారి, ఇంట్లో జరిగిన ఒక చిన్న సంగతిని పట్టుకొని చెప్పడం. ఒకసారి నేను పంపిన మాటలు ఇవి: "బోరింగు కాడ నువ్వు పెట్టిన జామచెట్టు కాసింది. మొదటి కాయ చిన్నోడు కోస్తనంటే కొయ్యనియ్యలే. కానీ నువ్వచ్చెదాక అది ఉండదు గదా. అందుకే ఇయ్యాల నేనే కోసి, సగం అత్తమ్మకిచ్చి, సగం నీ పేరు మీద తిన్న." అందులో ప్రేమ అనే మాట లేదు, రమ్మని అడగడమూ లేదు. మరునాడు ఆయననుంచి వచ్చిన జవాబు మూడే మాటలు: "ఉప్పు, కారం పెట్టుకున్నవా?" ఆ మూడు మాటలను నేను పొలం గట్టు మీద నిలబడి ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు.

ఇలా చెప్పడం మొదట్లో చేతకాదు. రోజూ పడుకునే ముందు, ఆ రోజు ఆయన గుర్తుకొచ్చిన ఒక్క క్షణాన్ని వెతికి పట్టుకోండి: ఆయన కుర్చీలో ఎవరో కూర్చున్నప్పుడో, ఆయనకు ఇష్టమైన సర్వపిండి పెనం మీద వేసినప్పుడో, వాన పడి ఆయన వేసిన రేకు మోగినప్పుడో. ఏ చోట, ఏ వేళ, ఏ వస్తువు అన్నది చెబితే చాలు. బెంగ దానంతట అదే ఆయనకు అందుతుంది.

కష్టమైన వార్త ఉంటే దాన్ని రికార్డు చేసి పంపకూడదు. జ్వరం, అప్పులవాడి మాట, అత్తమ్మతో గొడవ, ఇవి నేరుగా మాట్లాడే రోజుకు ఉంచండి. అది కూడా ఆయన తిన్న తర్వాత. అలాగని పూర్తిగా దాచిపెట్టకండి. తర్వాత మరొకరి ద్వారా తెలిస్తే, ఇంకా ఎన్ని దాచిందో అనే ఆలోచన ఆయనను తినేస్తుంది.

ఊరి మాట, అనుమానం

భర్త దగ్గర లేని ఆడది కొత్త చీర కట్టినా, బస్టాండులో ఎవరితో రెండు మాటలు మాట్లాడినా ఊరు ఊరుకోదు. ఆయన గురించి కూడా అక్కడినుంచి వచ్చినవారు ఏదో ఒకటి అంటారు. ఈ మాటలను ఫోన్‌లో అటు ఇటు చేరవేయకుండా ఉండటమే అన్నింటికంటే కష్టమైన పని. మీ గురించి ఎవరో ఏదో అనే అవకాశం ఉందని తోస్తే, ఆయనకు మూడోవాళ్లు చెప్పకముందే మీరు చెప్పండి: ఫలానా రోజు ఫలానా పని మీద జగిత్యాల వెళ్లాను, ఫలానావారి బండి మీద తిరిగి వచ్చాను అని. దీన్ని సంజాయిషీ అనుకోవద్దు. ఇంట్లో ఉంటే ఆయన చూసేదే కదా, దూరంలో ఉన్నందుకు నోటితో చెబుతున్నాం.

ఒక రాత్రి మా ఆయన ఫోన్ గంటకు పైగా బిజీగా వచ్చింది. నేను రెండు రోజులు ముఖం ముడుచుకొని, అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పాను. మూడో రోజు తెలిసింది: గదిలో ఒక అబ్బాయి తండ్రి చనిపోతే, అందరిలోకి బ్యాలెన్సు ఉన్నది ఈయన ఫోన్‌లో కాబట్టి ఆ అబ్బాయి దానిలో ఇంటివాళ్లతో మాట్లాడుతూ ఏడ్చాడట. ఆనాటి సిగ్గు ఇప్పటికీ నా ఒంట్లో ఉంది. అప్పటినుంచి అనుమానం వస్తే, "బిజీ వచ్చింది, నాకు మనసు మనసుల లేదు, ఏమైంది?" అని అదే రోజు, అదే మాటగా అడగడం అలవాటు చేసుకున్నాను. ఇక వీడియో తిప్పి గది చూపించమని, ఫోన్ చూపించమని పట్టుబట్టడం మాత్రం ఎన్నడూ చేయకండి; ఒక్కసారి చూపించిన మనిషి రోజూ చూపించవలసి వస్తుంది.

నమ్మమని చెబుతున్నాను గనుక ఇదీ చెప్పాలి. ఆయన క్షేమంగా ఉండి కూడా నెలల తరబడి మాట్లాడకపోతే, డబ్బు పంపకపోతే, దాన్ని మొక్కులతో, ఓర్పుతో సరిపెట్టుకోవద్దు. పుట్టింటివారికి దాచకుండా చెప్పండి. 181 మహిళా సహాయ నంబరు ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా న్యాయ సహాయం ఇస్తారు.

మొక్కు, ముడుపు

మా వైపు ఆడవాళ్లు విమానం ఎక్కిన రోజే ముడుపు కడతారు. తెల్లగుడ్డ ముక్కను పసుపు నీళ్లలో తడిపి ఆరబెట్టి, అందులో ఒక రూపాయి బిళ్ల, గుప్పెడు బియ్యం వేసి, మూడు ముళ్లు వేసి దేవుని గదిలో మేకుకు తగిలిస్తారు. మనిషి క్షేమంగా ఇల్లు చేరాక ఇద్దరూ వేములవాడ రాజన్న దగ్గరికి వెళ్లి కోడెను కట్టి మొక్కు తీరుస్తారు, లేదా కొండగట్టు అంజన్నకు ముడుపు చెల్లిస్తారు. నేనూ అలాగే చేశాను. ముడుపు కట్టేటప్పుడు ఆయనను ఫోన్‌లో పిలిచి చూపిస్తూ కట్టమని నా సలహా. ఏం మొక్కుకున్నారో ఆయనకూ తెలిస్తే, అది ఇద్దరి మొక్కు అవుతుంది. అప్పు చేసి తీర్చవలసిన మొక్కు మొక్కుకోకండి. వారానికి మూడు ఉపవాసాలు పట్టి నీరసించిపోకండి, ఇంటికి మీరొక్కరే దిక్కు. మా పక్కింటి ఆమె భర్త కువైట్‌లో ఉంటాడు. రాత్రి చేసే ఇషా నమాజు అయ్యాక ఆమె ఇక్కడ, ఆయన అక్కడ దువా చేసుకొని, ఆ తర్వాతే ఫోన్ చేసుకుంటారు. ఏ దేవుణ్ణి కొలిచినా ఇద్దరూ చేసే పని ఒకటి ఉంటే దూరం కాస్త తగ్గినట్టుంటుంది.

బతుకమ్మ తొమ్మిది రోజులూ మనసు మరీ బరువెక్కుతుంది. ఆ రోజుల్లో ఇంట్లో ఒంటరిగా కూర్చోకండి, నలుగురిలోకి వెళ్లి ఆడండి. నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం వారాల తరబడి సాగితే మాత్రం 14416కు ఫోన్ చేయండి. టెలి మానస్ అనే ఆ సేవలో తెలుగులోనే, డబ్బు లేకుండా మాట్లాడతారు.

పిల్లలకు నాన్న

మా చిన్నవాడు మూడేళ్ల వయసులో, ఫోన్‌లో రోజూ ముద్దులు పెట్టిన నాన్న గుమ్మంలో నిలబడితే నా కొంగు వెనుక దాక్కున్నాడు. ఆయన ముఖం నేను మరచిపోలేను. ఆ తర్వాత ఇంట్లో ఒక పద్ధతి పెట్టాను. ప్రతి పుట్టినరోజుకు పిల్లలను దర్వాజా చౌకట్టుకు ఆనించి నిలబెట్టి, తల మీద స్కేలు పెట్టి పెన్సిల్‌తో గీత గీసి, తేదీ వేసి, ఫొటో తీసి ఆయనకు పంపుతాను. సెలవుకు వచ్చినప్పుడు ఆయన ఒక్కో గీత మీద వేలు పెట్టి చూసుకుంటాడు. పిల్లల విషయంలో ఒకటి రెండు నిర్ణయాలు ఆయనకే వదిలేయండి, ఏ బడి, ఏ సైకిల్ అన్నది ఆయన చెబితే సరే అనండి. "నాయినకు చెప్త" అని బెదిరించడానికి మాత్రం ఆయన పేరు వాడకండి.

పంపే సంచిలో

ఊరినుంచి ఎవరైనా వెళ్తుంటే సకినాలు, మామిడికాయ తొక్కు, చింతపండు, ఇంట్లో దంచిన కారం కట్టి పంపాలనిపిస్తుంది. పంపండి. కాని గసగసాలు గాని, గసగసాలు కలిపిన మసాలా పొడి గాని ఎట్టి పరిస్థితిలోనూ పెట్టకండి. సౌదీ, ఎమిరేట్స్ వంటి దేశాల్లో అవి మత్తుపదార్థాల కింద నిషేధం. ఆ చిన్న పొట్లం కోసం జైలు పాలైనవారు ఉన్నారు. కోడీన్ ఉన్న దగ్గు మందు, ట్రమడాల్ వంటి నొప్పి గోళీలు కూడా అంతే. ఇతరులు కట్టి ఇచ్చిన పొట్లాన్ని విప్పి చూడకుండా ఆయన చేత తీసుకెళ్లనివ్వకండి.

ఫోన్ రాని రోజు

మొదటి రోజు ఏదో డ్యూటీ మారి ఉంటుందనో, రీఛార్జి అయిపోయి ఉంటుందనో అనుకోవచ్చు. రెండో రోజు గదిలోని ఇద్దరికీ ఫోన్ చేయండి, తర్వాత అక్కడున్న ఊరివారికి. వారికీ తెలియకపోతే కంపెనీకి, ఆ దేశంలోని భారత రాయబార కార్యాలయానికి ఫోన్ చేయాలి. విదేశాంగ శాఖవారి మదద్ పోర్టల్‌లో కుటుంబ సభ్యులు ఇక్కడినుంచే ఫిర్యాదు నమోదు చేయవచ్చు. మీసేవలోనో, చదువుకున్న పిల్లల చేతనో చేయించుకోండి. అప్పుడు అడిగేవి పాస్‌పోర్టు నంబరు, కంపెనీ పేరు, చివరిసారి మాట్లాడిన తేదీ. బీరువాలోని సంచి ఆ రోజు కోసమే.

సెలవు

టికెట్ చేతికి వచ్చేదాకా వచ్చే తేదీని పిల్లలకు చెప్పకండి, ఎందుకంటే సెలవు మంజూరై కూడా ఆగిపోవడం మామూలే. ఆయన వచ్చిన మొదటి వారం చుట్టాల ఇళ్లకు తిప్పకండి. తెల్లవారుజామున నాలుగింటికే లేచి కూర్చుంటాడు, కూర రుచి మారిందంటాడు, మీరు పెట్టుకున్న ఇంటి పద్ధతుల్లో తన చోటు ఎక్కడో వెతుక్కుంటాడు. అన్నీ ఆయన చేతికి ఒక్కసారే ఇచ్చేయవద్దు, దూరం కూడా పెట్టవద్దు. వేకువన ఆయన లేచినప్పుడు మీరూ లేచి, ఇద్దరికీ చాయ్ పెట్టి, వాకిట్లో పక్కన కూర్చోండి. ఫోన్‌లో చెప్పలేనివి ఆయన ఆ వేళే చెబుతాడు.

తిరిగి వెళ్లే ముందు రాత్రి ఏడుపు ఆగదు, ఆపుకోవలసిన పనీ లేదు. ఆ రాత్రే ఆయన నిద్రపోయాక ఒక రెండు నిమిషాల మాట రికార్డు చేసి పెట్టుకోండి. శంషాబాద్‌లో ఆయన అద్దాల తలుపు దాటి లోపలికి వెళ్లేదాకా ఆగి, అప్పుడు పంపండి. విమానం దిగి, బస్సులో క్యాంపుకు వెళ్తూ ఆయన ఫోన్ తెరిచేసరికి ఆ మాట అక్కడ ఉంటుంది.